కప్పులే కాదు, శాఖ పని కూడా రాయండి

సంపాదకులకు,

ఆటగాడు ఎన్నికల్లో నిలబడితే చాలు, 'ఆయన పేరే గెలిపిస్తుంది' అని రాసేయడం మన పత్రికలకు అలవాటైపోయింది. కెనడా ఐస్ హాకీ ఆటగాడు సిల్ ఆప్స్ విషయంలో ఆ మాట నిలవదు. టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టులో ఆయన వెలిగిపోతున్న 1940లోనే బ్రాంట్ నియోజకవర్గం నుంచి ఫెడరల్ (కేంద్ర) పార్లమెంటుకు పోటీ చేసి, 138 ఓట్ల తేడాతో ఓడారు. ఆ తర్వాత కెప్టెన్‌గా 1942, 1947, 1948లలో ఐస్ హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పు గెలిచి ఆట మానేశారు. అంటారియో ప్రావిన్స్ (రాష్ట్రం) శాసనసభకు నెగ్గింది మాత్రం ఇంకో 15 ఏళ్లకు, 1963లో, కింగ్‌స్టన్ నుంచి.

1971లో అంటారియో ప్రీమియర్ (ముఖ్యమంత్రి) బిల్ డేవిస్ ఆయనకు జైళ్ల శాఖ ఇచ్చారు. అసలు రాయాల్సిన భాగం ఇక్కడుంది. ఆ ఏప్రిల్‌లోనే కింగ్‌స్టన్ పెనిటెన్షరీలో ఖైదీలు తిరగబడ్డారు, ఇద్దరు ఖైదీలు చనిపోయారు. మంత్రి నియోజకవర్గంలోనే ఉన్నా ఆ జైలు ఆయన కింద లేదు, ఎందుకంటే అది ఫెడరల్ జైలు. కెనడాలో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినవాళ్లు ఫెడరల్ జైలుకు వెళ్తారు. రెండేళ్లకు ఒక్క రోజు తక్కువైనా ప్రావిన్స్ జైలే. రిమాండ్ ఖైదీలూ అక్కడే. కాబట్టి ప్రావిన్స్ మంత్రి చేతికొచ్చేది కొద్ది నెలలుండి వెళ్లిపోయే మనుషులు. ఏ పనైనా పూర్తిగా నేర్పేలోపే గడువు తీరిపోతుంది. రిమాండ్‌లో ఉన్నవాళ్లు ఎప్పుడు బయటికెళ్తారో ముందుగా తెలియదు కనుక వాళ్లకు శిక్షణ తరగతి వేయడమే కష్టం. ఈ ఇబ్బంది మన సబ్‌జైళ్లు చూసినవాళ్లకు కొత్తేమీ కాదు.

పిల్లలను ఉంచే ట్రైనింగ్ స్కూళ్లు కూడా అప్పుడు ఆ శాఖ కిందే ఉండేవి. 1965 చట్టంలోని సెక్షన్ 8 ప్రకారం, ఏ నేరమూ చేయని పిల్లలను కూడా తల్లిదండ్రుల అదుపులో లేరన్న కారణంతో అక్కడికి పంపే వీలుండేది. ఆప్స్‌ను ఎంత గౌరవించినా, ఆ సెక్షన్ విషయంలో మంత్రిగా ఏం చేశారని అడగాల్సిందే. 1974లో ఆయన మంత్రి పదవి వదిలారు, మరుసటి ఏడాది శాసనసభ నుంచీ తప్పుకున్నారు. ఆ స్కూళ్లు జైళ్ల శాఖ నుంచి సామాజిక సేవల శాఖకు మారింది 1977లో.

మన ఆటగాళ్లు మంత్రులైనప్పుడు కూడా పాత స్కోర్లతో పాటు వాళ్ల చేతిలో ఏ శాఖ ఉంది, అందులో ఏది వాళ్ల అధికారం, ఏది కాదు అన్నది నాలుగు వాక్యాలైనా ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు