లివర్‌లో కాపలా కాసే కణాల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో లివర్ అనగానే మద్యం, కామెర్లు, ఫ్యాటీ లివర్ దగ్గరే ఆగిపోతున్నాం. అక్కడే స్థిరంగా ఉండే రోగనిరోధక కణాల ఊసే రాదు. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఈ లోటు నాకు బాగా తెలుస్తోంది.

లివర్‌కు చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర తెచ్చేదే. పేగుల్లో అరిగిన ఆహారంతో పాటు బ్యాక్టీరియా ముక్కలూ అందులో కొట్టుకొస్తాయి. సన్నటి రక్తనాళాల లోపలి గోడను పట్టుకుని ఉండే కుఫర్ కణాలు వాటిని మింగేస్తాయి. ముసలివైన ఎర్ర రక్తకణాలనూ వదలవు, వాటిలోని ఇనుమును తిరిగి వాడకానికి అందిస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త కుఫర్ 1876లోనే వీటిని వర్ణించినా, ఇవి మింగే కణాలని 1898లో సరిగ్గా పోల్చుకున్నది పోలండ్ శాస్త్రవేత్త బ్రోవిచ్.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది వీటి ఓర్పు. మనం తిన్న పప్పు, గుడ్డు ప్రోటీన్లను చూసి ప్రతిసారీ రెచ్చిపోతే లివరే పాడవుతుంది. ఆ ఓర్పునే హెపటైటిస్ బి వైరస్ అలుసుగా తీసుకుంటుంది. పుట్టినప్పుడే సోకితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిలో అది దీర్ఘకాలం తిష్ఠ వేస్తుంది.

అందుకే పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. అయినా ‘పసిగుడ్డు, రెండ్రోజులు ఆగుదాంలే’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి లివర్ వైద్యుల చేత దీనిపై ఒక పూర్తి పేజీ రాయించండి.

— ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, తెనాలి