క్షమించడమా, విడిచిపెట్టడమా: ఒక పిల్లల ధారావాహిక వేసిన ప్రశ్న

సంపాదకులకు,

నమస్కారం. పిల్లలు టీవీలో, ఫోన్‌లో చూసే మాయామంత్రాల ధారావాహికలు వారిని పాడుచేస్తున్నాయనీ, వాటిని మాన్పించి నీతి కథలు చదివించాలనీ కోరే లేఖలు పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. తెలుగు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడిగా ఆ ఆందోళన నాకూ అర్థమవుతుంది. అయితే మంచీ చెడూ చూడకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల, పగ, క్షమ, పశ్చాత్తాపం వంటి విషయాలను పిల్లలతో మాట్లాడే మంచి అవకాశాలను చేజేతులా జారవిడుచుకుంటున్నామని నా అభిప్రాయం. మా మనవరాలి పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’నే ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను.

మైఖేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కోనియెట్జ్‌కో రూపొందించిన ఈ యానిమేషన్ ధారావాహిక 2005 నుంచి 2008 వరకు అమెరికాలో నికెలోడియన్ ఛానల్‌లో 61 భాగాలుగా ప్రసారమైంది. 2024లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని నటీనటులతో మళ్లీ తీసింది కానీ నేను చెబుతున్నది పాతదాని గురించే. నీరు, నేల, నిప్పు, గాలి అనే నాలుగు భూతాలను వశపరచుకున్న నాలుగు జాతుల్లో అగ్నిరాజ్యం మిగిలిన వాటిపై నూరేళ్లుగా యుద్ధం సాగిస్తుంటుంది. ఆ యుద్ధం మొదట్లోనే నేలమట్టమైన వాయు సన్యాసుల జాతిలో మిగిలిన ఒకే ఒక్క బాలుడు ఆంగ్. నూరేళ్లు మంచులో గడ్డకట్టి ఉండిపోవడంతో వయసు పన్నెండేళ్ల దగ్గరే ఆగిన అతడు, నాలుగు భూతాలనూ ఏలగలిగి తరతరాలుగా మళ్లీ మళ్లీ పుట్టే ‘అవతార్’గా, లోకాన్ని తిరిగి దారిలో పెట్టవలసిన బాధ్యత మోస్తాడు.

మనకు పరిచయమైన సంగతులు ఇందులో చాలానే ఉన్నాయి. పథిక్ అనే గురువు ఆంగ్‌కు ఏడు చక్రాలను వివరించే భాగంలో వాటి వరుస మూలాధారానికి పృథివి, స్వాధిష్ఠానానికి జలం, మణిపూరకానికి అగ్ని, అనాహతానికి వాయువు అని మన యోగశాస్త్రం చెప్పిన క్రమంలోనే సాగుతుంది. దీన్ని చూసి మన పెద్దలు కొందరు పొంగిపోతారు. నాకు మాత్రం ఈ ధారావాహికలోని అసలైన ఆధ్యాత్మికత చక్రాల ప్రస్తావనలో కంటే, కటారా అనే అమ్మాయి తన తల్లిని చంపినవాడి ఎదుట నిలబడిన ఘట్టంలో ఎక్కువగా కనిపించింది.

జలవిద్య తెలిసిన ఆఖరి మనిషి కోసం వచ్చిన అగ్నిరాజ్య సైనికుడితో ఆ మనిషి తానేనని అబద్ధమాడి, కూతుర్ని కాపాడి, ప్రాణాలు విడిచిన తల్లి ఆమెది. ఏళ్ల తర్వాత ఆ హంతకుడిని వెతుక్కుంటూ వెళ్లిన కటారా జోరువానను గాలిలోనే నిలిపివేసి, ఆ నీటిని మంచు సూదులుగా మార్చి అతడి మీదికి విసురుతుంది. తగలబోయే క్షణంలో ఆపేస్తుంది. అప్పటికి ముసలివాడైన ఆ సైనికుడు వణికిపోతూ, నీ తల్లికి బదులు నా తల్లిని తీసుకోమంటాడు. ఆ మాటతో వాడి లోపల ఏమీ లేదని ఆమెకు తెలిసిపోతుంది. చంపకుండా వెనుదిరుగుతుంది. క్షమించావు కదా అని ఆంగ్ మెచ్చుకోబోతే, లేదు, ఎన్నటికీ క్షమించను అంటుంది.

ఆ రాత్రి మా మనవరాలికి పోతన భాగవతం ప్రథమ స్కంధంలోని అశ్వత్థామ కథ చెప్పాను. నిద్రపోతున్న తన కొడుకులను చంపినవాడిని అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలిపితే, ద్రౌపది ఆ హంతకుడి తల్లిని తలుచుకుంటుంది. తనలాగే కృపి కూడా ఏడవకూడదంటుంది. ఒక కథలో పుత్రశోకంతో రగులుతున్న స్త్రీ శత్రువు తల్లి కోసం ఆలోచిస్తే, మరో కథలో హంతకుడు ప్రాణభయంతో సొంత తల్లినే అప్పగించబోయాడు. అంతా విన్నాక మా మనవరాలు, “అయితే ద్రౌపది వాణ్ని క్షమించిందా తాతయ్యా, ఊరికే వదిలేసిందా?” అని అడిగింది. ఆ పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించే హడావిడిలో ఇటువంటి ప్రశ్న తరగతి గదిలోకి రాదు. ఆ పిల్లను అలా అడిగించింది మనం తేలిగ్గా కొట్టిపారేసే కార్టూనే.

ముగింపు భాగాలు ఇంకా లోతైనవి. ప్రాణహింస చేయనన్న ఆంగ్ అగ్నిరాజు ఓజాయ్‌ను ఎదుర్కోవలసిన సమయంలో పూర్వజన్మల అవతారాలను సలహా అడుగుతాడు. అతడిలాగే వాయు సన్యాసిని అయిన యాంగ్‌చెన్ సైతం, లోకహితం కోసం నీ ఆత్మశుద్ధిని సైతం త్యాగం చేయవలసిందే అంటుంది. కురుక్షేత్రంలో విల్లు కింద పెట్టిన అర్జునుడి సంకటం తెలిసిన మనకు ఈ సంభాషణ ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు. చివరికి ఆంగ్ ఓజాయ్‌ను చంపకుండా అతడి అగ్నిశక్తిని శాశ్వతంగా తీసివేస్తాడు. భాగవతంలో అశ్వత్థామ తల గొరిగించి, శిరోమణిని తీసుకుని తరిమివేసిన తీర్పు నాకు వెంటనే స్ఫురించింది. ఆంగ్‌కు ఆ ఉపాయం ఆఖరి క్షణంలో ఒక మహాకూర్మం వరంలా దొరకడం కథలో లోపమే, దాన్ని కాదనను. ఆ లోపం మీద కూడా పిల్లలతో వాదించవచ్చు.

తండ్రి చేతిలో ముఖం కాలి, దేశం నుంచి గెంటివేతకు గురైన రాకుమారుడు జూకో మారిన తీరును ఇక్కడ ప్రస్తావించక తప్పదు. మారే అవకాశం వచ్చినప్పుడు అతడు తనను కన్నకొడుకులా చూసుకున్న పెదనాన్న ఐరోకే ద్రోహం చేస్తాడు. ఆ తర్వాతే, ఎంతో ఆలస్యంగా, సరైన దారికి వస్తాడు. క్షమాపణ కోసం ఐరో గుడారంలో ఆయన నిద్ర లేచేవరకు జూకో కాచుకుని కూర్చుంటే, మాట పూర్తికాకముందే ఆ పెద్దాయన దగ్గరికి లాక్కుని హత్తుకుంటాడు. ఒకప్పుడు సేనానిగా ఒక నగరాన్ని ముట్టడించి, అక్కడే కొడుకును పోగొట్టుకుని, తర్వాత అదే నగరంలో టీ కాచి పోస్తూ బతికినవాడు కాబట్టి ఆ క్షమ ఐరోకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవారికి ఎవరూ చెప్పనవసరం లేదు.

పిల్లలు చూసేవన్నీ ఇంత మంచివని నేను అనడం లేదు. పనికిమాలినవి కోకొల్లలు. అందుకే తల్లిదండ్రులు, తాతమామ్మలు పక్కన కూర్చుని చూడాలనీ, చూశాక “ఇందులో నీతి ఏమిటి?” అని పరీక్షలా అడగకుండా “నువ్వైతే ఏం చేసేదానివి?” అని అడగాలనీ నా విన్నపం. పత్రికగా మీరూ ఒక మేలు చేయవచ్చు. ఆదివారం సంచికలో సినిమాలకు ఇచ్చే చోటులో కొంత పిల్లల ధారావాహికల సమీక్షకు కేటాయించి, ఏ వయసువారు ఏది చూడవచ్చో, పెద్దలు వారితో ఏం చర్చించవచ్చో రాయిస్తే మా వంటి కుటుంబాలకు ఎంతో ఉపకారమవుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం