బకెట్ గురించి రాశారు, గిటార్ సంగతి ఏది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో కింద మూలన ఒక ఫొటో వేశారు. మొహానికి తెల్ల మాస్కు, నెత్తిన చికెన్ బకెట్టు. పక్కన ఆరు లైన్లు. అమెరికా రాక్ గాయకుడు బకెట్‌హెడ్ ఇంకో కొత్త ఆల్బమ్ వదిలాడని, ఆయన పిచ్చి వేషాలకు అంతు లేదని, ఇప్పటికే వందల ఆల్బమ్‌లు వేశాడని, ఇవన్నీ ఎవరు వింటారో ఏమోనని.

నేను వింటానండి. అన్నీ కాదు, ఓ పాతిక విని ఉంటాను.

నాకు యాభై ఏడేళ్లు. రాజమండ్రిలో హార్మోనియంలు బాగు చేస్తాను. రీడ్లు గీకి శ్రుతి చేయడం, తిత్తికి తోలు మార్చడం మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. హార్మోనియంలు తగ్గిపోయాక గిటార్లు, కీబోర్డులు కూడా పట్టాను. మూడేళ్ల క్రితం ఒక ఇంజనీరింగ్ కుర్రాడు గిటార్ పట్టుకొచ్చి, "బాబాయ్, దీనికి ఇక్కడ చిల్లు పెట్టి ఎర్ర బటన్ బిగించాలి" అన్నాడు. ఎందుకురా అంటే ఫోన్లో వీడియో చూపించాడు. మీరు వేసిన మనిషే. నేనూ మీలాగే అన్నాను: "ఎవడ్రా ఈ పిచ్చోడు?"

కుర్రాడు ఏమీ అనకుండా ఇయర్‌ఫోన్స్ నా చెవిలో పెట్టాడు.

ఆ బటన్ సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసింది అదే. దాన్ని కిల్ స్విచ్ అంటారు. తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది గిటార్ పికప్. దాని నుంచి ఆ సిగ్నల్ మోసుకొచ్చే హాట్ వైరుని, నొక్కినప్పుడల్లా, ఎర్త్‌కి కలిపేస్తుంది. నొక్కితే శబ్దం చచ్చిపోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. అంతకు మించి అందులో ఏ విద్యా లేదు, మన ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చే. కానీ ఆయన ఒక స్వరాన్ని పట్టి లాగుతూ, దాని మీద ఆ బటన్‌ని తకిట తకిట తకతకిట అని కొడుతుంటే, సాగే స్వరం ముక్కలు ముక్కలై మోర్సింగ్ వాయించినట్టు వినిపించింది. తీగ వాయిద్యాన్ని తాళ వాయిద్యం చేసేశాడన్న మాట. ముప్పై ఏళ్లుగా వాయిద్యాలు విప్పి బిగిస్తున్న నాకు ఆ ఆలోచన రాలేదు.

ముందు నిజంగానే కాలింగ్ బెల్ బటన్ బిగించాను. స్ప్రింగు గట్టిగా ఉండి వేగంగా ఆడలేదు. తర్వాత పాత ఇనుప సామాన్ల కొట్లో వీడియో గేమ్ మెషిన్ బటన్ దొరికింది, దాంతో కుదిరింది. తర్వాత తెలిసిందేమిటంటే గిబ్సన్ కంపెనీ బకెట్‌హెడ్ పేరు మీద చేసిన తెల్ల గిటార్‌కి (లెస్ పాల్ అనే మోడల్) కూడా గేమ్ మెషిన్ బటన్ల లాంటివే, ఎర్రవి, రెండు పెట్టారట. ఆ గిటార్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 27 అంగుళాలు. మామూలు లెస్ పాల్ 24 ముప్పావు. రెండుంపావు అంగుళాలు ఎక్కువంటే మెట్ల మధ్య దూరం ఎంత పెరుగుతుందో వాయించేవాళ్లకు అర్థమవుతుంది. ఆ దూరంలో కూడా ఆయన వేళ్లు తడబడవు.

ఆ సాయంత్రం కుర్రాడి తండ్రి కొట్టుకొచ్చారు. "ఏమండీ, తొమ్మిది వేలు పోసి కొన్న గిటార్‌కి చిల్లు పెట్టేశారా? వాడికి బుద్ధి లేకపోతే మీకైనా ఉండక్కర్లా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, "కోల్మా" అనే ఆల్బమ్‌లో ఒక పాట పెట్టాను. పాట అంటున్నాను గానీ అందులో మాటలుండవు. 1998లో వచ్చింది. బకెట్‌హెడ్ వాళ్ల అమ్మకి పేగు క్యాన్సర్ వస్తే, కోలుకునేటప్పుడు వినడానికని మెల్లగా, మెత్తగా చేసిన ఆల్బమ్ అది. అదే పేరుతో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన ఒక ఊరుంది, ఊరినిండా శ్మశానాలే. మంచంలో ఉన్న తల్లికి చేసిన సంగీతానికి ఆ పేరేమిటో! వింత మనిషి కాదని నేను అనడం లేదు. ఆ తండ్రి టీ తాగుతూ విన్నారు. డబ్బులిచ్చి, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయారు.

ఇక మీ ఆరు లైన్ల సంగతి. మొదటిది, ఆయన గాయకుడు కాడు. గిటారిస్టు. స్టేజీ మీద పాడడం సరికదా, మాట కూడా మాట్లాడడు. మధ్యలో రోబో డాన్స్ చేస్తాడు, గొలుసుతో కలిపిన రెండు కర్రల నాన్‌చాక్ తిప్పుతాడు, సంచిలోంచి బొమ్మలు తీసి ముందు వరసలో వాళ్లకి పంచుతాడు. 2000 నుంచి 2004 దాకా గన్స్ ఎన్ రోజెస్ బ్యాండులో ఆ బకెట్టుతోనే వాయించాడు. 2017లో ఒక పాడ్‌కాస్ట్‌లో మాస్కు లేకుండా మాట్లాడాడు, తన గుండె కొట్టుకునే తీరులో తేడా ఉందని అందులోనే చెప్పాడు.

రెండోది, "మరో కొత్త ఆల్బమ్" అని మీరు వింతగా రాశారు. పైక్ అనే పేరుతో 2011 నుంచి వరస నంబర్లు వేసి తెస్తున్నాడు, ఒక్కోటి సుమారు అరగంట. 2015 ఒక్క ఏడాదిలోనే 118 వచ్చాయి. అంటే మూడు రోజులకొకటి. ఆ అక్టోబరు నెలలో అయితే రోజుకొకటి. ఇప్పుడు ఆ లెక్క ఆరు వందలు దాటింది. ఆయన కొత్త ఆల్బమ్ వేయడం వార్త కాదండి, వేయడం మానేస్తే వార్త. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడంటాం, అన్నీ విన్నవాడు మనలో ఎవడున్నాడు? పోలిక పెట్టడం లేదు, పెడితే తిరుపతి వాళ్లు చెప్పు తీస్తారు.

అన్నీ బాగుంటాయని కూడా అనను. నేను విన్న పాతికలో సగం నాకు గుర్తే లేవు. కొన్ని కొట్టు తీయకముందు శ్రుతి చూసుకుంటూ వాయించే వాయింపులా ఉంటాయి. కొన్ని పెద్ద మిక్సీలో గులకరాళ్లు వేసినట్టుంటాయి, మా ఆవిడ వెంటనే కట్టేయమంటుంది. కానీ 2006లో వచ్చిన "సూత్‌సేయర్" అనే పాట ఆమె కూడా కూర్చుని విన్నది. తొమ్మిది నిమిషాలు. మెల్లగా మొదలై, ఎక్కడ పెరిగిందో తెలియకుండా పెరిగి, చివరికి ఏడుపులా తేలుతుంది. అది ఆంట్ సూజీకి అంకితమట. పిన్నో, పెద్దమ్మో, మేనత్తో ఇంగ్లిష్‌లో తేలి చావదు. మా ఆవిడ మాత్రం విని, "పెంచిన పిన్ని అయ్యుంటుంది" అని తేల్చేసింది.

బకెట్టు గురించి రాయొద్దని నేననను. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి చికెన్ తింటూ ఆ బకెట్టు నెత్తిన పెట్టుకుని, మాస్కుతో అద్దంలో చూసుకుని, "బకెట్‌హెడ్ అంటే ఇదే" అనుకున్నాడట. అంతటి ముచ్చట ఎవరికైనా రాయాలనిపిస్తుంది. మా చిన్నప్పుడు వీధిలోకి పగటి వేషగాళ్లు వచ్చేవారు. శక్తి వేషం చూసి మేం గడపల్లో దూరేవాళ్లం. మా నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని వాళ్ల హార్మోనియం వినేవాడు. ఆ పెట్టెలో ఒక రీడు పలకడం లేదని పిలిచి, ఊరికే బాగు చేసి పంపేవాడు.

మీరు అడుగుతారేమో, ఏం రాయమంటావని. ఒక్క లైను చాలు. ఆ కొత్త ఆల్బమ్ మెత్తగా ఉందా, గోలగా ఉందా, అందులో గిటార్ ఒక్కటేనా, డ్రమ్స్ కూడా ఉన్నాయా. మీ విలేకరి అరగంట కూర్చుని విని ఉంటే ఆ లైను తనంతట తనే వచ్చేది. అలాగే వీలైతే "గాయకుడు" అన్న చోట "గిటారిస్టు" అని సవరణ వేయండి.

ఆ కుర్రాడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. పోయిన వారం రెండో బటన్ పెట్టించుకోవడానికి వచ్చాడు. నాన్నగారిని అడిగి రమ్మన్నాను. తెల్లారి ఆయనే ఫోన్ చేశారు, ఈసారి చిల్లు కాస్త కింద పెట్టమని, మొదటిది చేతికి అడ్డం వస్తోందని.

ఇట్లు,
హార్మోనియం, గిటార్ రిపేరు చేసేవాడు,
రాజమహేంద్రవరం.

(పేరు వేయవద్దని మనవి. మా కొట్టు ఓనరు మీ పత్రికే చదువుతారు. పని మానేసి పాటలు వింటున్నానని తెలిస్తే అద్దె పెంచుతారు.)