ల్యాబ్ పాస్‌వర్డు మా దగ్గరే ఉంటే పిల్లలకు పని ఎలా వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

మన ప్రాంతపు ఇంజినీరింగ్ పట్టభద్రులకు పుస్తక జ్ఞానమే తప్ప చేతిపని రావడం లేదని మీ జిల్లా పేజీల్లో తరచుగా చదువుతున్నాను. ఆ మాటలో నిజం ఉంది. అయితే తప్పంతా పిల్లల మీదకు నెట్టే ముందు, శ్రీకాకుళానికి దగ్గర్లోని ఒక కళాశాలలో 14 ఏళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్న ఉద్యోగిగా అందులో నా వాటా ఎంతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ల్యాబ్‌లో విద్యార్థి వచ్చి కూర్చునేసరికి అంతా వడ్డించిన విస్తరిలా ఉంటుంది. కంపైలర్ సిద్ధం, ఎడిటర్ సిద్ధం, డేటాబేస్ అప్పటికే నడుస్తూ ఉంటుంది. ప్రోగ్రాం టైపు చేసి, అవుట్‌పుట్ చూపించి, అబ్జర్వేషన్ పుస్తకంలో సంతకం పెట్టించుకుని, దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రికార్డులోకి ఎక్కిస్తే ఆ వారం పని అయిపోయినట్టే. కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డు కావాలి, అది నా దగ్గర ఉంటుంది. వైరస్‌ల భయంతో పెన్‌డ్రైవులు నిషేధించాం, రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్ పాత స్థితికి వెళ్లిపోయేలా కట్టుదిట్టం చేశాం. 60 కంప్యూటర్లను ఒక్కడినే చూసుకునే నాకు ఇంతకంటే సులువైన దారి కనిపించలేదు. దాని ఫలితంగా, ఎవరైనా చూసి మార్చుకోగల ఒక ఓపెన్ సోర్సు ప్రాజెక్టు కోడు తెచ్చుకుని, అది అడిగే సరంజామా అంతా అమర్చుకుని, తన కంప్యూటర్‌లో నడిపించుకోవడం అనే పని నాలుగేళ్లలో ఒక్కసారైనా చేయకుండానే విద్యార్థి పట్టా పుచ్చుకుంటున్నాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అడిగేది మాత్రం సరిగ్గా ఆ పనే.

కిందటి వేసవిలో మూడో సంవత్సరం అమ్మాయిలు ఇద్దరు నా దగ్గరకు వచ్చారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. దాని కోడును సొంతంగా నడిపి చూసి, చిన్న మరమ్మతు ఒకటైనా చేసి పంపాలని వారి కోరిక. మెనూల్లోని మాటలను తెలుగు చేయడానికైతే ఈ తంటా ఏమీ అక్కరలేదు, ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో బ్రౌజర్ నుంచే చేయవచ్చు. వీరికి కావలసింది లోపలి కోడు. మా ల్యాబ్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు 20.04, మీడియావికీ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష దానితో వచ్చేది 7.4 వెర్షన్. మీడియావికీ కొత్త వెర్షన్లు అంత పాత పీహెచ్‌పీకి ఒప్పుకోవు. అలా నా ల్యాబ్ మొదటి మెట్టు దగ్గరే చేతులెత్తేసింది. వారిలో ఒక అమ్మాయి, అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఎక్కించుకుని, సెలవులకు మందస వైపు ఉన్న సొంత ఊరికి వెళ్లిపోయింది.

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఫోను పెట్టి, హాట్‌స్పాట్‌తో కోడు దించుకోబోయింది. మూడో రోజున ఫోను చేసి, "సార్, అరవై శాతం దాకా వచ్చి మళ్లీ మొదటికే పోతోందండి, డేటా అంతా అయిపోతోంది" అంది. కోడునూ దాని మార్పులనూ భద్రపరిచే గిట్ అనే సాధనంలో క్లోన్ చేసేటప్పుడు, అంటే మొత్తం కోడుకు నకలు దించుకునేటప్పుడు, ఉన్న చిక్కే ఇది. అడిగినప్పుడల్లా సర్వరు మూట కొత్తగా కట్టి పంపుతుంది. మధ్యలో లైను తెగితే సగం అందిన మూటను మన కంప్యూటర్ పారేస్తుంది, ఆగిన చోటి నుంచి అందుకునే ఏర్పాటు మామూలుగా లేదు. పైగా ఆ మూటలో నేటి కోడే కాక, 20 ఏళ్లకు పైబడిన మార్పుల చరిత్ర అంతా ఉంటుంది. క్లోన్ ఆజ్ఞ చివర 'డెప్త్ 1' అని చేర్చితే చరిత్ర వదిలి తాజా కోడు మాత్రమే వస్తుంది, మిగతాది తర్వాత కొంచెం కొంచెంగా తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ పిల్లకు మూడు రోజుల డేటా మిగిలేది. కానీ మా సిలబస్‌లో ఎక్కడా ఆ మాట లేదు.

తర్వాతి అడ్డంకి కంపోజర్ దగ్గర వచ్చింది. మీడియావికీకి కావలసిన లైబ్రరీలను తెచ్చిపెట్టే ఆ పనిముట్టు, 'ఎంబీస్ట్రింగ్' అనే పీహెచ్‌పీ అనుబంధం లేదంటూ ఎర్ర అక్షరాల్లో ఆగిపోయింది. ఉబుంటులో అది పీహెచ్‌పీతో పాటు రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. పని ఒక్క నిమిషంలో అయిపోయింది కానీ, అది ఎందుకు కావాలో ఆ అమ్మాయే కనుక్కుని నాకు చెప్పింది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు. 'శ్రీకాకుళం' అన్న మాటను పీహెచ్‌పీలోని బైట్లు లెక్కపెట్టే మామూలు 'స్ట్రెలెన్'తో కొలిస్తే 30 వచ్చింది, సంకేతాలు లెక్కపెట్టే ఎంబీస్ట్రింగ్‌తో కొలిస్తే 10 వచ్చింది. బడిలో మనం లెక్కపెట్టే అక్షరాలు మాత్రం నాలుగే, సున్నాను విడిగా లెక్కిస్తే అయిదు. తెలుగు మాటను ఎక్కడ తుంచాలో తెలియక కొన్ని సైట్లు అక్షరాల స్థానంలో ప్రశ్న గుర్తులు ఎందుకు చూపిస్తాయో 14 ఏళ్ల సర్వీసులో నాకు అర్థమైంది ఆ రోజే. తన కంప్యూటర్‌లోనే లేచిన వికీలో ఆమె మొదట సృష్టించిన పేజీ పేరు కూడా శ్రీకాకుళమే.

డాకర్ ఉండగా ఈ అవస్థ ఎందుకని కొందరు అధ్యాపకులు అంటారు. 2013లో వచ్చిన ఆ సాధనంతో సరంజామా అంతా ఒకే పెట్టెలో దిగుతుంది, నిజమే. కానీ పెట్టెలు వందల మెగాబైట్లు తూగుతాయి, హాట్‌స్పాట్ మీద బతికే పిల్లకు అది వేరే రూపంలో అదే బరువు. పైగా పెట్టెలో ఏముందో తెరిచి చూసే అవసరమే రాదు కాబట్టి, ఆ ఎంబీస్ట్రింగ్ పాఠం ఆమెకు అంది ఉండేది కాదు.

ఎచ్చెర్ల నుంచి టెక్కలి, రాజాం దాకా మన కళాశాలలన్నింటిలోనూ లోకల్ నెట్‌వర్కు ఉంది. నాలుగైదు ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల పూర్తి కోడును ఒక పాత సర్వరులో ఉంచితే విద్యార్థులు దాన్ని నిమిషాల్లో క్లోన్ చేసుకుంటారు. తర్వాత గిట్‌లో కోడు ఎక్కడి నుంచి రావాలో చెప్పే రిమోట్ చిరునామాను అసలు ప్రాజెక్టు వైపు మార్చుకుంటే, ఇంటి దగ్గర కొత్త మార్పులు మాత్రమే దిగుతాయి. ఉబుంటు ప్యాకేజీలకు ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకరు దించుకున్నది అక్కడే నిలిచి తర్వాత వచ్చేవారికి అందుతుంది. వీటిలో దేనికీ కొత్త నిధులు అక్కరలేదు. కావలసిందల్లా ల్యాబ్ పరీక్షలో ఒక ప్రశ్న మార్చడం. ఖాళీ కంప్యూటర్ ఇచ్చి, ఒక ప్రాజెక్టును నడిపించమని, మధ్యలో ఏ ఎర్రర్ వచ్చిందో, దాన్ని ఎలా దాటారో రికార్డులో రాయమని విశ్వవిద్యాలయం అడగాలి. ఎర్రర్ రాని విద్యార్థి రికార్డును ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కొంచెం అనుమానంగా చూసినా నాకు అభ్యంతరం లేదు.

మా ల్యాబ్‌లో చివరి వరసలోని ఆరు కంప్యూటర్లను ఉబుంటు 24.04కు మార్చి, వాటి అడ్మిన్ పాస్‌వర్డును విద్యార్థులకే ఇవ్వడానికి అనుమతి కోరుతూ జూలైలో కాగితం పెట్టాను. వైరస్ వస్తే బాధ్యత ఎవరిదని తిరిగి అడిగారు. నాదేనని రాసి మళ్లీ పంపాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి,
శ్రీకాకుళం.