భూకంప బీమా భారం తగ్గించుకుందాం: శనివారం సమావేశం

ఫ్రీమాంట్ మిత్రులందరికీ నమస్కారం.

మన ఊరి గుండా హేవార్డ్ ఫాల్ట్ (భూకంపాలు పుట్టే భూమి పగులు) వెళుతోంది. అయినా భూకంపానికి గోడ కూలితే మామూలు ఇంటి బీమా పైసా ఇవ్వదు. విడిగా తీసుకుందామంటే ప్రీమియం చూసి చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. తగ్గించుకునే దారులున్నాయి. శనివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాలుకు రండి.

కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ (భూకంప బీమా ఇచ్చే సంస్థ) పాలసీల్లో డిడక్టిబుల్, అంటే బీమా సొమ్ము అందేముందు మనమే భరించాల్సిన నష్టం, కవరేజీలో 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. పెంచితే ప్రీమియం దిగుతుంది. కానీ 6 లక్షల డాలర్ల కవరేజీకి 15 శాతమంటే 90 వేలు మన చేతినుంచే! ఈ లెక్క ఇంట్లో ముందే వేసుకోండి.

1980కి ముందు కట్టిన ఇళ్లవారు తప్పక రావాలి. అర్హత ఉన్న ఇంటికి పునాది బోల్టులు బిగించి బలపరిస్తే ప్రీమియంలో 25 శాతం వరకు రాయితీ వస్తుంది.

పాలసీ కాగితాలు, వాటర్ హీటర్ పడిపోకుండా బిగించే పట్టీల ఫొటో తెండి. శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు రాయండి.