మీ మామగారి గడ్డ సంగతి

హైదరాబాద్

అమ్మలూ,

రొమ్ములో వచ్చిన గడ్డకి నొప్పి లేదు కాబట్టి కొవ్వుగడ్డేనని మీ మామగారు అంటున్నారన్నావు. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. మగవాళ్లకి రొమ్ము ఉబ్బడం మామూలే, బీపీకి, గుండెకి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలతోనూ వస్తుంది. కానీ అది చనుమొన కిందే రబ్బరు బిళ్లలా ఉండి, నొక్కితే నొస్తుంది. క్యాన్సరు గడ్డ గట్టిగా, కాస్త పక్కకి ఉంటుంది. చనుమొన లోపలికి పోవచ్చు, బనియన్‌కి నెత్తుటి మరక అంటొచ్చు. చంకలో కూడా తడిమి చూడమను.

వీధి చివరి క్లినిక్‌లో "చిన్నదే, తీసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ముందు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, తర్వాత సూదితో కోర్ బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీయడం. తీసిన ముక్క గంటలోపు పాడవకుండా ఉంచే పది శాతం ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకి పదింతలు ద్రవం ఉండాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. సెలైన్‌లో వేసి సాయంత్రం దాకా పక్కన పెట్టారంటే హార్మోను పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు. మందంతా దాని మీదే నడుస్తుంది: మగవాళ్లలో పదింట తొమ్మిది ఈస్ట్రోజన్ పాజిటివే, అంటే ఆ హార్మోనుతో పెరిగేవే. హెర్‌2 (క్యాన్సరు కణాల్ని పెంచే ఒక ప్రోటీను) పరీక్ష కూడా చేయించండి.

క్యాన్సరే అయితే, మగవాళ్లకి రొమ్ము కణజాలం తక్కువ కాబట్టి సాధారణంగా మొత్తం తీసేస్తారు. చంకలో మొదటి లింఫు గ్రంథిని పరీక్షించి మిగతావాటి సంగతి తేలుస్తారు. కీమో, రేడియేషన్ అందరికీ అవసరం రావు.

అసలు చిక్కు ఈస్ట్రోజన్ని అడ్డుకునే మాత్ర టామోక్సిఫెన్‌తో. రోజూ 20 మిల్లీగ్రాములు, కనీసం 5 ఏళ్లు. ఒంట్లో వేడి ఆవిర్లు, కోరిక తగ్గడం ఉంటాయి. మగవాళ్లు ఎవరికీ చెప్పుకోలేక మానేస్తారు. అందుకని మాత్రలు నెలకోసారి లెక్కపెట్టు. ఒక కాలు వాచి నొప్పి పెడితే అదే రోజు చూపించాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దిగులుకి పారోక్సెటీన్, ఫ్లూయోక్సెటీన్ రాస్తే టామోక్సిఫెన్ వాడుతున్నారని చెప్పండి, దాని పని తగ్గిస్తాయి. ఒంట్లో ఈస్ట్రోజన్ తయారీని తగ్గించే లెట్రోజోల్ ఒక్కటే ఇస్తామంటే ఎందుకని అడుగు. మగవాళ్లలో వృషణాలు కూడా ఈస్ట్రోజన్ చేస్తాయి, వాటిని ఆపే ఇంజెక్షన్ తోడుండాలి.

బీఆర్‌సీఏ (వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సరు తెచ్చే జన్యులోపం) పరీక్ష వదలొద్దు. పాజిటివ్ వస్తే మీ ఆయనా, మీ ఆడపడుచూ చేయించుకోవాలి. వాళ్లకీ ఆ లోపం ఉండటానికి సగానికి సగం అవకాశం.

రెడ్‌హిల్స్‌లో ఎమ్మెన్‌జే క్యాన్సరు ఆస్పత్రికైనా, పంజాగుట్టలో నిమ్స్‌కైనా వెళ్లండి. ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లు. ఆయన్ని ముందు గుండీలున్న చొక్కా వేసుకోమను.

నాన్న