తేలిక కిట్ బరువు లెక్కలు, సీటు బోల్టులపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: రికంబెంట్ సైకిల్ (వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కేది) కోసం మీరు అమ్మిన తేలిక విడిభాగాల కిట్

అయ్యా,

మీ కిట్‌లోని కార్బన్ సీటు, చెయిన్, వెనక చక్రం, టైర్లు, ట్యూబులు నా రికంబెంట్ సైకిల్‌కి బిగించాను. పాతవి తీసి ఇవి పెడితే 1,800 గ్రాములు తగ్గుతుందని మీ పట్టికలో ఉంది. బిగించక ముందూ, బిగించాకా బండిని ఒకే కాటా మీద తూచాను. తగ్గింది 970 గ్రాములే. మిగతా 830 ఏమయ్యాయా అని వెతికితే మీ పట్టికలోనే దొరికాయి.

ముందు చెయిన్ సంగతి. రికంబెంట్‌లో పెడల్స్ ఎక్కడో ముందుంటాయి కాబట్టి మామూలు సైకిల్ చెయిన్‌కి రెండున్నర రెట్లు పైనే కావాలి. నా బండికి 300 లింకులు పట్టాయి. పాత చెయిన్‌కి మీరు వేసిన 670 గ్రాములు ఆ 300 లింకుల బరువు. కొత్తది మాత్రం 245 అట! అది 114 లింకులుండే ఒక్క పెట్టె బరువు. కిట్‌లో మూడు పెట్టెలు పంపింది మీరే కదా. 300 లింకులు కలిపి తూస్తే 645 వచ్చింది. 425 తగ్గాల్సిన చోట తగ్గింది పాతిక గ్రాములు.

సీటుదీ ఇదే వరస. మీరు రాసిన 690 గ్రాములు ఒట్టి డొప్ప బరువు. బ్రాకెట్లు, బోల్టులు, ఫోమ్ ప్యాడ్ కలిపితే 1,120. పాత సీటుని మాత్రం వాటితో సహా లెక్కేశారు. బ్రాకెట్లు లేకుండా సీటు ఎలా నిలబెట్టాలో కూడా రాసి ఉంటే బాగుండేది.

చక్రం, టైర్లు, ట్యూబుల విషయంలో నాకు పేచీ లేదు.

బరువు కంటే నన్ను టెన్షన్ పెడుతున్నవి సీటు బోల్టులు. గ్రాములు తగ్గించడానికి అల్యూమినియంవి ఇచ్చారు. ఉక్కుతో పోలిస్తే మూడో వంతు బరువే, నిజమే. నీళ్ల సీసా స్టాండుకైతే సరిపోతాయి. కానీ ఈ సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కడం కుదరదు, వీపుని సీటుకి అదిమిపెట్టి కాళ్లతో తొయ్యాలి. ఆ బలం సీటు బ్రాకెట్ల మీదే పడుతుంది. అలెన్ కీతో బిగిస్తుంటే ఒక బోల్టు తల టక్కున విరిగి కీతో పాటు చేతిలోకొచ్చింది, మరలున్న ముక్క బ్రాకెట్‌లోనే ఉండిపోయింది. అదే రోడ్డు మీద విరిగి ఉంటే? ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పుడు బలంతో బిగించాలో మీ కాగితంలో ఒక్క అంకె లేదు. గట్టిగా బిగిస్తే కార్బన్ నలిగి పగులుతుంది, వదులైతే సీటు కదులుతుంది. అందాజుగా బిగించే వస్తువు కాదిది.

చెయిన్ వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. సీటుకి ఉక్కు బోల్టులు, కొత్త బ్రాకెట్, టార్క్ ఎంతో న్యూటన్ మీటర్లలో రాసిన కాగితం పంపండి. ఇవే బోల్టులతో సీటు కొన్న మిగతావాళ్లకి వెంటనే కబురు చెయ్యండి, ఇది నా డబ్బు కంటే ముందు జరగాలి. పట్టికలో బిగించాక ఉండే బరువులే వేయండి.

విరిగిన బోల్టు, కాటా ఫోటోలు, బిల్లు జత చేశాను. రెండు వారాల్లోగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారు